చోదకుని గది: కొలతలు, కోతలు

మోటారు బండ్లను గూర్చి మాటలాడునపుడు మనము సాధారణముగా ఇంజను బలమును గూర్చియు, చమురు ఖర్చును గూర్చియు, మోయు బరువును గూర్చియు విచారింతుము. ఆ బండిని నడపు మనిషి కూర్చుండు చోటెంత యని అడుగువారు అరుదు. అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. నడుపువాడు మాత్రము మోకాళ్లు స్టీరింగు చక్రమునకు తగులుచుండగా, వీపు వెనుకనున్న రేకు గోడకు ఒరయుచుండగా, ఏండ్ల తరబడి ఆ సంగతిని అనుభవించుచుండును. ఈనాటి ప్రసంగములో మేము విచారింపదలచినది ఆ చోటును గూర్చియే. జీపు, పికప్పు, లారీ వంటి పనిబండ్లలో ముందుభాగమున నుండు గదిని, మన వర్క్‌షాపులవారి మాటలో క్యాబినును, పెద్దది చేయుట సాధ్యమా? సాధ్యమైనచో ఎక్కడ కోయవచ్చును, ఎక్కడ కోయరాదు?

ఈ గది ఇరుకైనదగుటకు కారణము ముఖ్యముగా లెక్క. ముందు చక్రముల నడిమినుండి వెనుక చక్రముల నడిమివరకు గల దూరమును చక్రాంతరమందురు. బండి పొడవెంతయైనను, అది తిరుగు మలుపు, ఎక్కు గట్టు, మోయు బరువు ఈ చక్రాంతరముపై ఆధారపడియుండును. ఆ పరిమితమైన పొడవులో ముందు ఇంజను తనకు కావలసినది తీసికొనును. వెనుక సరుకు తొట్టి తన భాగమును పట్టుకొనును. మధ్య మిగిలినది మనిషికి.

దీనికి చక్కని ఉదాహరణ లాండ్ రోవరు చరిత్ర. ఇంగ్లండులోని రోవరు కంపెనీవారు, తమ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ ఆలోచన ననుసరించి, రైతులకు పనికివచ్చు బండి నొకదానిని రూపొందించి 1948 ఏప్రిల్ నెలలో ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో చూపిరి. యుద్ధానంతర కాలములో ఉక్కు దొరకుట కష్టమైనందున పైభాగమును అల్యూమినియం మిశ్రలోహపు రేకుతో కట్టిరి. చక్రాంతరము 80 అంగుళములు; అమెరికనుల యుద్ధకాలపు జీపునకును అంతే. 1954లో దానిని 86 అంగుళములు చేసిరి, 107 అంగుళముల పొడవు బండిని కూడ వెలువరించిరి. పెరిగిన పొడవు చోదకుని గదికి వెనుకనున్న సరుకు భాగమునకు పోయినది. 1956లో మరల రెండేసి అంగుళములు కలిపి 88, 109 చేసిరి. ఈ రెండంగుళములైన మనిషికి దక్కెనా యన్నచో అదియు లేదు. రానున్న డీజిలు ఇంజనును ఇముడ్చుటకై అవి గదికి ముందుభాగమున చేరినవి. ఇట్లు ఎనిమిదేండ్లలో బండి ఎనిమిది అంగుళములు పెరిగినను, కూర్చున్నవాని మోకాలికి అందులో ఒక్కటియు రాలేదు.

ఆ గది నిర్మాణమును కొంచెము వివరింతుము. ముందు ఇంజనుకు, మనిషికి నడుమ ఉక్కు గోడ యుండును. దానికే స్టీరింగును, పెడళ్లును, తలుపుల కీళ్లును అమరియుండును. క్రింద అల్యూమినియపు పెట్టెవంటి పీఠమున్నది. ఆసనములు దానిపై నిలుచును. గేరుపెట్టె దాని నడుమ దూరివచ్చును. ఆసనముల వెనుక, నడుము ఎత్తున, అడ్డముగా మరియొక రేకు గోడ యుండును. అదియే సరుకు తొట్టికి ముందుగోడ. చోదకుని ఆసనము వెనుకకు జరుగ ప్రయత్నించినపుడు దానికి తగులునది ఈ గోడయే. పొడుగు మనిషి ఈ బండి నెక్కినచో ఆసనమును చివరివరకు వెనుకకు త్రోసినను అతని మోకాళ్లు స్టీరింగునకు ఇరుప్రక్కల విచ్చుకొనియే యుండును. వీపును వెనుకకు వాల్చు మాటయే లేదు. 1948లో మొదలైన ఈ కుదురు, పేర్లు మారినను, ఇంజనులు మారినను, పాత వంశపు చివరి బండి 2016 జనవరి 29వ తేదీన సోలిహల్ కర్మాగారమునుండి వెలువడువరకు ఇంచుమించు అట్లే సాగినది.

కావున ఆ బండ్ల యజమానులు ప్రపంచమంతట చేయించు మార్పులలో ముఖ్యమైనది ఆ నడిమి గోడను తొలగించుట. పైకి చూచుటకు ఇది సులభము. రివెట్లు తొలిచి రేకును కోసివేసినచో ఆసనమును మూడంగుళములు వెనుకకు జరుపవచ్చును; వీపును కూడ వాల్చవచ్చును. మూడంగుళములు ఏపాటి యని శ్రోతలు అనుకొనవచ్చును. రోజుకు ఎనిమిది గంటలు క్లచ్చి త్రొక్కు మనిషిని అడిగినచో అవి ఏపాటివో చెప్పును.

అయితే ఆ గోడ ఊరక నిలుచున్న గోడ కాదు. మొదటిది, అది తొట్టి యొక్క రెండు ప్రక్కలను ఒకదానికొకటి బిగించి పట్టుకొనియున్నది. దానిని తీసివేసినచో ఎగుడుదిగుడు దారిలో ప్రక్కలు విచ్చుకొని ఊగులాడును. తలుపులు సరిగా పడవు. కొన్ని నెలలకు రేకు మూలలు చిట్లును. కావున గోడ తీసినవారు దాని స్థానమున ఉక్కు కడ్డీచట్రము నొకదానిని అడ్డముగా బిగించుదురు. చట్రము వెనుకకు వంగియుండుటచే ఆసనమునకు చోటు మిగులును. రెండవది, ఆసనపు పట్టీలు, అనగా సీటు బెల్టులు, అనేక బండ్లలో ఈ గోడకే లేక దాని ప్రక్కనే బిగింపబడియుండును. ఆసనము వెనుకకు జరిగినపుడు పట్టీ బిగింపు కూడ తగినట్లు జరుగవలెను. కేవలము రేకుకు మేకు కొట్టి ఊరకుండరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ గోడ సరుకును ఆపుచున్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచున్న బండి చెట్టుకు కొట్టుకొని 70 సెంటీమీటర్ల దూరములో ఆగినదనుకొందము. లెక్కకట్టినచో ఆ క్షణమున దానిలోని ప్రతి వస్తువు తన బరువునకు సుమారు 14 రెట్ల బలముతో ముందుకు త్రోయును. 20 కిలోల పనిముట్ల పెట్టె 280 కిలోల వలె చోదకుని వీపుపై పడును. వదులుగా నున్నదైనచో ఇంకను అధ్వాన్నము. కావున గోడ తీయువాడు సరుకు మోయుట మానవలెను, లేదా గట్టి ఇనుప జాలి పెట్టవలెను. రెండును చేయక వెనుక సిమెంటు బస్తాలు వేసికొని తిరుగువానిని ధైర్యశాలి యని మేము అనజాలము.

పైన బట్టకప్పు గాని, పొడవైన గట్టి కప్పు గాని ఉన్న బండిలో ఇంతవరకు చెప్పిన పని చేయవచ్చును. పికప్పు రూపములో, అనగా ముందు పొట్టి గది, వెనుక తెరచియున్న తొట్టి గల బండిలో, చిక్కు మరియొకటి గలదు. అందులో గది యొక్క వెనుక గోడ, అద్దముతో సహా, ఈ నడిమి గోడ మీదనే కూర్చుండియుండును. క్రిందిది తీసినచో పైది నిలువదు. కనుక చోదకుని వీపు వెనుక మాత్రము కోసి, తొట్టిలోనికి చొచ్చుకొనిపోవు గూడు నొకదానిని కట్టి, అంచులను మరల బిగింతురు. వాన నీరు దిగకుండ అతుకులు మూయుట ఈ పనిలో సగము శ్రమ.

ఇక్కడ మన తీరప్రాంతపు వర్క్‌షాపులవారు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అల్యూమినియపు రేకుకు ఉక్కు కడ్డీని నేరుగా తగిలించి బిగించినచో, ఉప్పుగాలి, తేమ చేరినపుడు రెండు లోహముల నడుమ విద్యుద్రసాయనిక చర్య మొదలై అల్యూమినియము తెల్లని పొడిగా రాలిపోవును. కాకినాడలోనైనను, మచిలీపట్టణములోనైనను దీనికి ఎక్కువ కాలము పట్టదు. నడుమ రబ్బరు పట్టీ గాని, మందముగా రంగు గాని వేసి బిగించుట మంచిది.

కోతకు పూర్వము చేయదగినవి కూడ ఉన్నవి. ఆసనపు మెత్త అయిదంగుళముల మందముండి మధ్య కుంగిపోయినదైనచో, దానిని గట్టి నురుగుతో మూడంగుళములకు కుట్టించినంతనే తలకు, తొడలకు చోటు వచ్చును. సీటు కుట్టువాని పని యిది. ఒక పూటలో ముగియును. స్టీరింగు చక్రమును చిన్నది చేయుట మరియొక ఉపాయము. 17 అంగుళముల చక్రము స్థానమున 15 అంగుళములది పెట్టినచో తొడలకు ఒక అంగుళము దక్కును. కాని సహాయక యంత్రము లేని పాత బండిలో చేతి బలము ఇంచుమించు ఎనిమిదవ వంతు అధికముగా కావలసివచ్చును. మోకాలి నొప్పిని భుజమునకు మార్చుకొనుట ఏమి లాభమో యోచింపవలెను.

తయారీదారులు కూడ ఈ ఇరుకును గమనింపకపోలేదు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టరు సంస్థ 1957లో పెద్ద గది గల పికప్పును అమ్మజూపినది. మరుసటి ఏడు జర్మనీలో వోక్స్‌వాగన్‌వారు తమ చిన్న లారీకి రెండు వరుసల గదిని కట్టిరి. ముందు వరుసకు వెనుకనే కొంచెము అదనపు చోటుంచు పద్ధతిని 1973లో డాడ్జి, 1974లో ఫోర్డు చేపట్టినవి. లాండ్ రోవరువారు 1962లో గదిని ఇంజను మీదికి ఎక్కించి చూచిరి. చోటు దక్కినది గాని, క్రిందనుండి వేడిమియు, ముందుచక్రముపై కూర్చున్నందున కుదుపును దానితో వచ్చినవి. పిదప 1980లలో వారు చేసిన పని మన వర్క్‌షాపు పనిని తలపించును. 110 అంగుళముల చక్రాంతరము గల బండి చట్రమును రెండుగా కోసి, నడుమ 17 అంగుళముల ముక్కను అతికి, దానిపై రెండు వరుసల గదిని నిలిపిరి. దానికి 127 అని పేరు. 1990లో ఆ పేరును 130గా మార్చిరి. కొలత మాత్రము 127 గానే నిలిచినది. పేరులో మూడంగుళములు పెంచుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము గదా!

మన దేశమున జీపు వేరు మార్గమున పెరిగినది. 1940ల చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో జీపుల కూర్పునకు పూనుకొన్న తరువాత, కొంతకాలమునకు 91 అంగుళముల చక్రాంతరము గలవి కూడ వచ్చినవి. పాడేరు, అరకు, రంపచోడవరము దారులలో బస్సు పోని చోట్లకు జనమును చేరవేసినవి ఈ జీపులే. వానిలో చోటు కావలసినది వెనుక కూర్చుండువారికి. కావున అక్కడ చేసిన మార్పు వెనుక భాగమును సాగదీయుట. చట్రము చివర ఇనుప గొట్టములు అతికి, ఎదురెదురు బల్లలను పొడిగించి, పదిమంది చోట ఇరువదిమందిని ఎక్కించుట పరిపాటియైనది.

దీని లెక్కయు చూడదగినది. వెనుక చక్రమునకు 30 అంగుళములు వెనుకగా నలుగురు కూర్చున్నారనుకొందము. వారి బరువు 240 కిలోలు. 91 అంగుళముల బండిలో ఆ బరువు తక్కెడ వలె పనిచేసి ముందుచక్రములనుండి సుమారు 79 కిలోల భారమును తగ్గించును. ఘాటు ఎక్కునపుడు ఆ తగ్గుదల మరింత హెచ్చును. స్టీరింగు తేలికయైనదని చోదకుడు సంతోషించునది అప్పుడే. చక్రము నేలను పట్టుకొనుట మానునదియు అప్పుడే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు వెనుకకు పొడుచుకొనివచ్చు భాగము చక్రాంతరములో 60 శాతమునకు మించరాదని కట్టడి చేసినది ఇందుకొరకే. 91 అంగుళములకు అది ఇంచుమించు 54న్నర అంగుళములు.

చట్టమును గూర్చి ఇక్కడనే చెప్పుట మంచిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యములో సుప్రీం కోర్టు ఈ విషయమును గట్టిగా పలికినది. అదే ఏడు చట్టమును సవరించి, అనుమతి లేని ప్రతి మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునని చేర్చిరి. మెత్త కుట్టించుకొనుట వేరు, గోడ కోయుట వేరు. కోయదలచినవారు ముందుగా రవాణా అధికారి కార్యాలయమునకు వెళ్లి, వ్రాతపూర్వకముగా అడిగి, ఆ పిదప వెల్డరు నొద్దకు పోవుట మేలు. ప్రమాదము జరిగిన పిమ్మట బీమా కంపెనీ అడుగు మొదటి ప్రశ్నలలో ఇదియొకటి యగును.

లారీల సంగతి మాత్రము వేరు. 1954లో జంషెడ్‌పూరునుండి టాటా మెర్సిడీస్ బెంజి లారీలును, 1955నుండి మద్రాసు సమీపమున ఎన్నూరునుండి అశోక్ లేలాండు లారీలును వెలువడసాగినపుడు, కొనువానికి చేతికి వచ్చునది తరచు ఇంజను, చట్రము, ముందు మూతి మాత్రమే. గది లేదు. చోదకుడు ఒక పలకమీద కూర్చుండి, తలకు గుడ్డ చుట్టుకొని, ఎండకు వానకు ఓర్చుకొని వందలాది మైళ్లు దానిని నడిపి తెచ్చెడివాడు. గదిని కట్టునది మన ఊరి వడ్రంగి, వెల్డరు, టింకరింగు పనివాడు. 1966లో విజయవాడలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు పెట్టినది పేరు. ఇట్లు గదిని మొదటినుండి కట్టుట చట్టవిరుద్ధమైన మార్పు కాదు. ఇపుడు దానికి ఎ.ఐ.ఎస్. 093 అను ప్రమాణము కలదు. ఆ ప్రకారము కట్టి ఆమోదము పొందవలెను.

ఆటోనగరు షెడ్లలో గది కొలతను గూర్చి యజమానికిని, కట్టువానికిని జరుగు బేరము వినదగినది. చోదకుని వెనుక పడక అమర్చవలెనన్నచో గది ఒకటిన్నర అడుగు పెరుగవలెను. అంత మేర తొట్టి తగ్గును. యజమాని వెంటనే అడ్డుచెప్పును. కాని ఇందులో మేము ఒక భేదమును గమనించితిమి. సిమెంటు, ఇనుము, బియ్యము మోయు లారీలో తొట్టి నిండకముందే బరువు పరిమితి వచ్చును. తొట్టి చివర ఎప్పుడును ఖాళీయే. అట్టి బండిలో అడుగున్నర తగ్గించినను బాడుగలో పైసా తగ్గదు. గుంటూరు మిరప టిక్కీలు, పత్తి, ఎండుగడ్డి మోయు లారీ సంగతి అట్లు కాదు. అందు బరువు కంటె ముందు చోటు నిండును. అడుగున్నర పోయినచో సరుకు పోయినట్లే. ఏ సరుకు మోయుదువని అడుగక గది కొలత చెప్పువాడు మంచి పనివాడు కాడు. మిరప బండి యజమానికి ఆ నష్టము నిజమైనదే. అయినను పడక పెట్టించుమనియే మేమందుము. నిద్రలేని చోదకుని చేతిలో పెట్టిన సరుకునకు ఏ లెక్కయు నిలువదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు ఎనిమిది గంటలు, వారమునకు 48 గంటలు పని యని నిర్ణయించినది. విజయవాడనుండి కలకత్తాకు పోవు లారీలో ఆ మిగిలిన గంటలు గడుచునది ఎక్కడ? ఆ గదిలోనే. అతనికి అది కార్యాలయము, వంటిల్లు, పడకటిల్లు. వేసవిలో ఇంజను మూతనుండి వచ్చు వేడిమికి గది లోపలి గాలి బయటి ఎండను మించును. 2025నుండి క్రొత్తగా తయారగు మధ్యరకపు, భారీ లారీల గదులకు శీతలీకరణ యంత్రము తప్పనిసరి యైనది. అంతకు పూర్వపు లారీలు ఇంకను చాల ఏండ్లు మన దారులలో నడచుచునే యుండును. వానిలో ఇంజను మూతకు లోపలివైపు వేడిని ఆపు దట్టమైన పొర అంటించుట, పైకప్పునకు గాలి గవాక్షము పెట్టుట స్వల్పవ్యయముతో నగు పనులు.

ఇంకొకరి మాట మిగిలియున్నది. పడక యొక్కటే, మనుషులు ఇద్దరు. చోదకుడు పండుకొన్నపుడు క్లీనరు ఇంజను మూతమీద ముడుచుకొనుటయో, సరుకుపై కప్పిన టార్పాలిను మీద పండుకొనుటయో, లేక లారీ క్రింద నీడన గోనెపట్టా పరచుకొనుటయో జరుగుచుండును. నిలిపిన లారీ క్రింద పండుకొనుట ఎంతటి అపాయమో చెప్పనక్కరలేదు. దీనికి కొందరు వడ్రంగులు రైలుపెట్టెలోని పై బెర్తు వలె, పడకకు పైన మడచిపెట్టుటకు వీలగు పలక నొకదానిని గోడకు కీళ్లతో అమర్చి రెండు గొలుసులతో వ్రేలాడదీయుదురు. పగలు అది గోడకు ఆనుకొనియుండును. లారీ గది అడ్డముగా ఆరడుగులకు మించియే యుండును గనుక మనిషి కాళ్లు చాపుకొనవచ్చును. కావలసినది పైకప్పు మరి ఎనిమిది, తొమ్మిది అంగుళములు ఎత్తుగా కట్టుట మాత్రమే. గది కట్టించుకొను యజమానులు షెడ్డుకు పోయినపుడు ఈ ఎత్తును మొదటి రోజుననే చెప్పవలెను. పైకప్పు రేకు బిగించిన తరువాత చెప్పినచో పని రెట్టింపగును.